మారుతి 800 వింటేజ్ కారవుతుందా?

మన దేశంలో ఒక కారు వింటేజ్ అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి ఈ లెక్క ఖాయం చేసింది. ఆ లెక్కన మన పూర్వ విద్యార్థుల సంఘమే ఒక కారై ఉంటే, ఈ స్వర్ణోత్సవం నాడు ‘వీఏ’ సిరీస్ నంబరు ప్లేటు తగిలించుకుని దర్జాగా ఊరేగేదన్నమాట. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు నీకు తెలిసిన బండ్ల గురించి రాయి అన్నారు సంచిక సంపాదకులు. ముప్ఫై ఏళ్లుగా నా ఉద్యోగం కార్లలోని ఎలక్ట్రానిక్స్‌తోనే కాబట్టి, కాదనలేకపోయాను.

నన్ను కొంతకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. మన తరం వాళ్లు చెమటోడ్చి కొనుక్కున్న కార్లు, అంటే మారుతి 800, జెన్, సియెలో, ఇండికా లాంటివి, ఎప్పటికైనా మ్యూజియంలోనో ర్యాలీలోనో నిలబడే స్థాయికి వస్తాయా? లేక తుక్కుగా మారి కరిగిపోవడమేనా? మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట ఎత్తితే తొంభై శాతం మంది నవ్వారు. “రోల్స్ రాయిస్ ఎక్కడ, రేకు డబ్బా ఎక్కడ” అని ఒకడు. “ఊరూరా లక్ష ఉన్న వస్తువు ఎవడు దాచుకుంటాడురా” అని ఇంకొకడు. ఈ రెండు అభ్యంతరాలూ మనవాళ్లు కొత్తగా కనిపెట్టినవి కావు. మోటారు కారు చరిత్ర పొడుగునా వినిపిస్తూ వచ్చినవే.

ఇంగ్లండులో 1896 నవంబరు 14న కొందరు మోటారు బండ్ల వాళ్లు లండన్ నుంచి సముద్రపు ఒడ్డునున్న బ్రైటన్ దాకా ఊరేగింపుగా వెళ్లారు. మోటారు బండి ముందు ఒక మనిషి నడవాలన్న పాత నిబంధనను చట్టం ఎత్తివేసిన సంబరం అది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1927లో, ఒక పత్రిక పూనుకుని అలాంటి పాత బండ్లనే మళ్లీ అదే దారిలో నడిపించింది. గౌరవంగా కాదు, ఒక తమాషాగా. జనం వాటిని డొక్కు బండ్లు అనే పిలిచారు. ఎగతాళిగా మొదలైన ఆ పరుగు ఇవాళ ప్రపంచంలోకెల్లా పేరున్న పాత కార్ల ఉత్సవం. 1905కు ముందు తయారైన బండి అయితే తప్ప అందులోకి రానివ్వరు. 1953లో ‘జెనెవీవ్’ అనే హాస్య చిత్రం ఆ పరుగు మీదే తీశారు. 1904 నాటి డారక్ కారు అందులో నాయిక. ఆ సినిమా తర్వాత పాత బండ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

నాకు ఇంకా ముచ్చటగా అనిపించేది 1934 నాటి సంగతి. ఆ ఏడు ఇంగ్లండులో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ పెట్టారు. 1930 డిసెంబరు దాకా తయారైన కార్లే వాళ్ల దృష్టిలో వింటేజ్. ఎందుకంటే ఆ తర్వాత వచ్చినవి మూసలో పోసినట్టు వస్తున్న చవక సరుకనీ, వాటిలో పనితనం లేదనీ వాళ్ల అభిప్రాయం. గమనించండి, నాలుగేళ్ల కిందటి కారుకీ కొత్త కారుకీ మధ్య గీత గీసి, ఇవతలివి ఎందుకూ పనికిరావన్నారు. ఆ ‘పనికిరాని’ 1930ల కార్లు ఇప్పుడు ఏ దేశంలో ర్యాలీ జరిగినా ముందు వరసలో ఉంటాయి. ప్రతి తరానికీ తన చిన్నప్పటి కారే ఆఖరి నిజమైన కారు. మా నాన్నగారికి ల్యాండ్‌మాస్టర్, నాకు అంబాసిడర్, మా అబ్బాయికి మరొకటి.

ఇక ‘లక్షల్లో తయారైంది ఎవరు దాచుకుంటారు’ అన్న మాట. ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 వరకు కోటిన్నర తయారైంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ రెండు కోట్లు దాటింది. రెంటికీ ఇవాళ క్లబ్బులున్నాయి, విడిభాగాల వ్యాపారాలున్నాయి. ఎక్కువ తయారవడం వాటికి అడ్డు కాలేదు సరికదా, అదే వాటిని కాపాడింది. ఒకటి చచ్చిపోతే దాని పిస్టను, దాని తలుపు ఇంకోదానికి పనికొచ్చాయి. అన్నిటికన్నా చిత్రమైన ఉదాహరణ తూర్పు జర్మనీలో తయారైన ట్రాబంట్. నూలు మిల్లుల వ్యర్థాన్ని రెజిన్‌తో కలిపి అచ్చు పోసిన బాడీ, పొగ కక్కే టూ స్ట్రోక్ ఇంజిను, బుక్ చేసుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూపులు. 1989లో బెర్లిన్ గోడ కూలాక జనం వాటిని రోడ్డు పక్కన వదిలేసి పడమటి కార్లు కొనుక్కున్నారు. 1991లో తయారీ ఆగింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, అది తమ జీవితమన్న స్పృహ వచ్చి, మిగిలినవాటిని శుభ్రం చేసి దాచుకోవడం మొదలెట్టారు. ట్రాబంట్ మంచి కారని ఎవరూ అనరు. ఆ కారు ఎక్కిన జనం కథ అందులో ఉందంటారు, అంతే.

రాజుల కార్ల దారి వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని కోరి చేయించుకున్నాడు. కానీ 1911లో ఆయన పోయాక గానీ అది రాలేదు. ఊరేగింపు బండిగా చాలా కొద్ది మైళ్లే తిరిగింది. అలాంటి కారు మిగలడంలో వింత లేదు. దానికి కాపలా ఉంది, గది ఉంది, పేరుంది. అయితే రాజవైభవం ఉన్నంత మాత్రాన గ్యారంటీ ఏమీ లేదు. బుగాటీ రాయల్ అని రాజుల కోసమే తలపెట్టిన మహా కారొకటి ఉండేది. తయారైనవి ఏడే. వాటిలో ఒకటి న్యూయార్కులో తుక్కు దుకాణం పాలైంది. 1940లలో చార్లెస్ చేన్ అనే జనరల్ మోటార్స్ ఇంజినీరు దాన్ని వెతికి కొని, చాలాకాలం శ్రమపడి బాగుచేసి, చివరికి హెన్రీ ఫోర్డ్ మ్యూజియంకు ఇచ్చేశాడు. పని చేసుకునే క్రమంలో దాని ఒక్క కార్బొరేటర్ తీసి నాలుగు పెట్టాడట. కంపెనీ మాన్యువల్ లేకపోయినా, కంపెనీ అనుమతి లేకపోయినా, ఒక తెలివైన ఇంజినీరు ఆ బండిని చదివి అర్థం చేసుకోగలిగాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు మన 800 దగ్గరికి వద్దాం. మొదటి బండి తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకరికి అందాయి. ధర సుమారు యాభై వేలు. అప్పట్లో బజార్లో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తప్ప చెప్పుకోదగ్గ మరో కారు లేదు. అంబాసిడర్ 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్, పద్మిని 1960ల ఫియట్ 1100. చలికాలం పొద్దున పద్మిని స్టార్టవ్వాలంటే చోక్ లాగి దణ్ణం పెట్టుకోవాల్సిన రోజులవి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ చిన్న ఇంజిను తాళం తిప్పితే అంటుకునేది. మన బడి ఎదురు సందులో డాక్టరుగారు తెచ్చుకున్న తెల్ల మారుతిని ఇంటర్వెల్‌లో అద్దాలకు ముక్కులానించి చూసినవాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో కనీసం పాతిక మంది ఉంటారు. మాస్టార్లు కూడా చూశారు, కాకపోతే కొంచెం దూరం నుంచి.

తయారీ 2014 జనవరిలో ఆగేనాటికి పాతిక లక్షలకు పైగా బండ్లు వచ్చాయి. హైదరాబాదుతో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 నిబంధనల మూలంగా 2010లోనే అమ్మకం ఆపేశారు. మరి ఆ తొలి కారు, డీఐఏ 6479, ఏమైంది? యజమాని 2010లో కన్నుమూశాక ఢిల్లీలో ఇంటి ముందు ఎండకీ వానకీ తుప్పు పడుతూ నిలబడింది. దాని ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. చివరికి కంపెనీయే తీసుకుని ఒరిజినల్ విడిభాగాలతో బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. దేశంలో కోట్లమందికి కారు మీద ఆశ పుట్టించిన బండికి, అదీ మొట్టమొదటి దానికి, ఆ గతి పట్టబోయిందంటే మిగతావాటి సంగతి ఆలోచించండి.

దీనికి జనం నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. మన చట్టంలో ఒక పెద్ద అగాధం ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. ఢిల్లీ చుట్టుపక్కలైతే 2018 సుప్రీంకోర్టు ఉత్తర్వుతో పదిహేనేళ్ల పెట్రోలు బండి రోడ్డెక్కడానికే లేదన్నారు. తర్వాత సడలింపులూ బిగింపులూ నడుస్తూనే ఉన్నాయి. తుక్కు విధానం సరేసరి. అంటే పదిహేనో ఏట కారు పాతదై, నేరస్థురాలిలా నిలబడుతుంది. యాభయ్యో ఏట వారసత్వ సంపదై గౌరవం పొందుతుంది. మధ్య ముప్ఫై అయిదేళ్లు దానికి పేరు లేదు. జర్మనీలో ముప్ఫై ఏళ్లకే చారిత్రక వాహనమని వేరే నంబరు ప్లేటు ఇస్తారు. బ్రిటన్‌లో నలభై దాటితే రోడ్డు పన్ను ఉండదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా లెక్క కూడా ముప్ఫై ఏళ్లే. పాత బండి పొగ గురించి పెట్టిన ఆంక్షలను నేను తప్పుపట్టను. రోజూ ఆఫీసుకు తిరిగే ముప్ఫై ఏళ్ల కారు ఊరికి మంచిది కాదు. కానీ ఏడాదికి ఐదు వందల కిలోమీటర్లు తిరిగే కారునూ దాన్నీ ఒకే గాటన కట్టడం ఇంజినీరు చెయ్యాల్సిన లెక్క కాదు.

నా దగ్గర 1996 మోడల్ 800 ఉంది. కార్బొరేటర్ బండి. నాన్నగారు రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతో కొన్నారు. 2011లో, 2016లో, 2021లో పొడిగించాం, ఇప్పుడు మళ్లీ వచ్చింది. సముద్రపు గాలికి కింద ఫ్లోరు తుప్పు పట్టి కార్పెట్ ఎత్తితే రోడ్డు కనిపించేది. రెండుచోట్ల రేకు కోయించి, అదే మందం రేకు వెల్డింగ్ చేయించాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి “నాన్నా, దాని మీద పెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి వచ్చేది” అంటాడు. లెక్క ప్రకారం వాడిదే కరెక్టు. ఆ కారు వింటేజ్ అయ్యేది 2046లో. అప్పటికి నాకు డెబ్భై దాటి చాలా ఏళ్లవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వింటేజ్ గుర్తింపుకు బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. నా రేకు అతుకు మరమ్మతా, మార్పా? నేనైతే మరమ్మతే అంటాను. ఎదురుగా కూర్చున్న అధికారి ఏమంటాడో 2046లో తేలుతుంది. కానీ గ్యాస్ కిట్ పెట్టించిన వేలాది 800ల సంగతి? మెటడోర్ డీజిలు ఇంజిను దింపుకున్న అంబాసిడర్ల సంగతి? బతకడానికి చేసుకున్న ఆ మార్పులే వాటిని పోటీలోంచి తప్పిస్తాయి.

ముంబయి టాక్సీలు చూడండి. నలుపు పసుపు పద్మినులు ఒకప్పుడు వేలకు వేలు. చివరిది 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. టాక్సీకి ఇరవై ఏళ్ల పరిమితి కాబట్టి 2023 అక్టోబరు 30 నుంచి ఆ నగరంలో ఒక్క పద్మిని టాక్సీ కూడా లేదు. ఆ వారం రోజులూ పత్రికలు, టీవీలు కన్నీరు కార్చాయి. అంతకు ముందు ఇరవై ఏళ్లు అవే పత్రికలు వాటి పొగ గురించి రాశాయి.

ఇంతవరకు జనం మనసు, ప్రభుత్వం లెక్క గురించి చెప్పాను. అసలు ప్రశ్న ఇంజినీరింగ్‌ది. ఆధునిక కారు నిలబడగలదా? మెకానిక్కులు చాలామంది నిలబడదంటారు. “పాత బండి ఇనుమండీ, కొత్తది వైర్లు” అని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఇనుము విషయంలో ఆయన మాట నిజానికి తిరగబడుతుంది. 1980ల తర్వాతి కార్లకు జింకు పూత రేకులు, విద్యుత్తుతో అంటించే ప్రైమర్ వచ్చాయి. తుప్పును అవి పాత బండ్లకన్నా బాగా తట్టుకుంటాయి. వైర్ల విషయంలో మాత్రం ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం చెప్పడం నా వృత్తిధర్మం.

ఆటోనగర్ వర్క్‌షాపులో ఏం జరుగుతుందో గమనించండి. అంబాసిడర్ సిలిండర్ అరిగితే రీబోర్ చేస్తారు, లేదా స్లీవు కొడతారు. బుష్ అరిగితే లేత్ మీద కొత్తది తిప్పుతారు. చేతిలో అరిగిపోయిన ముక్క ఉంటే చాలు, కొలత తీసుకుని కొత్తది చేయగలరు. అరిగిన భాగమే దాని డ్రాయింగు. బుగాటీని చేన్ బతికించింది కూడా ఇలాగే. ఎలక్ట్రానిక్ భాగానికి ఈ గుణం లేదు. ఇంజిన్ కంట్రోల్ యూనిట్ చచ్చిపోతే, ఆ నల్ల పెట్టెను చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసినా అది బతికుండగా ఏం చేసేదో మనకు చెప్పదు.

దాని లోపల చచ్చేవి ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద భయమే తప్ప సమాచారం తక్కువ. మొదట పోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోవడమో, కారడమో జరుగుతుంది. కారితే సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. 1990ల మొదట్లో వచ్చిన అనేక జపాను కార్లలో ఈ జబ్బు పేరుమోసింది. కానీ ఇది నయం కాని రోగం కాదు. పాత టీవీలు బాగుచేసిన ఏ మెకానిక్కయినా ఆ కెపాసిటర్లు తీసి కొత్తవి వేయగలడు, ఖర్చు పదుల రూపాయల్లో. తర్వాత వైర్ల తొడుగు, కనెక్టర్లు. 1990ల మధ్యలో కొన్ని మెర్సిడెస్ ఇంజిన్ల వైరింగ్ తొడుగు వేడికి పొడి రాలిపోయేది. వాటికి కొత్త వైరింగ్ అల్లించుకుని తిప్పుతున్నారు. అసలు ప్రమాదం మూడోది. ఇంజినుకు ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే ప్రోగ్రామ్ ఒక మెమరీ చిప్‌లో విద్యుదావేశం రూపంలో దాగి ఉంటుంది. ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. తయారీదారులు సాధారణంగా హామీ ఇచ్చేది పదేళ్లకో ఇరవై ఏళ్లకో. వాస్తవంలో అంతకు రెట్టింపు నిలిచినవి బోలెడు చూశాను. అయినా చిప్ బతికుండగా కాపీ తీసుకోకపోతే, పోయిన రోజున ఏ లేత్ మెషినూ దాన్ని తిప్పలేదు.

చిప్ ఒక్కటే కాదు, దానితో మాట్లాడే భాష కూడా పోగొట్టుకోకూడదు. మెక్‌లారెన్ ఎఫ్1 అని 1990ల బ్రిటిష్ కారు, మొత్తం 106 మాత్రమే చేశారు. 2021లో ఒకటి వేలంలో రెండు కోట్ల డాలర్ల పైన పలికింది. అంతటి కారుకు సర్వీసు చేయాలంటే కాంపాక్ కంపెనీ 1990లలో అమ్మిన ఒక లాప్‌టాప్ కావాలి. దానిలో బిగించే ప్రత్యేకమైన కార్డు ద్వారానే కారు మాట్లాడుతుంది. చాలాకాలం ఆ పాత లాప్‌టాప్‌లను వెతికి వెతికి దాచుకున్నారు. రెండు కోట్ల డాలర్ల వస్తువు ప్రాణం తుక్కులో వంద డాలర్లు పలకని వస్తువులో ఉందన్నమాట. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు.

కనక ఎలక్ట్రానిక్స్ ఉన్నందువల్ల కారు చావదు. దాని సమాచారం తాళం వేసి ఉంచితే చస్తుంది. తాళం తీసిన కంపెనీలూ ఉన్నాయి. జపాను మాజ్దా 2017 చివర్లో తన మొదటి తరం రోడ్‌స్టర్ కార్లను కంపెనీయే తిరిగి బాగుచేసి ఇచ్చే పథకం పెట్టింది. ఆగిపోయిన విడిభాగాలు మళ్లీ తయారు చేసింది. అప్పటి నమూనా టైరును కూడా బ్రిడ్జ్‌స్టోన్ చేత మళ్లీ చేయించింది. నిస్సాన్ అదే సమయంలో స్కైలైన్ జీటీఆర్‌కు, ఆ తర్వాత టయోటా సుప్రాకు పాత విడిభాగాలు తిరిగి అచ్చుపోయడం మొదలెట్టాయి. పోర్ష్ అయితే 300 కూడా తయారుకాని 959 కారుకు క్లచ్ లీవరును లోహపు పొడితో త్రీడీ ప్రింటర్ మీద చేసి అమ్ముతోంది. కంపెనీ బతికి ఉండి, బుద్ధి పుడితే ఇదంతా సాధ్యం.

కంపెనీ పోతే? సియెలో, మాటిజ్ కొన్నవాళ్లను అడగండి. మన దేశంలో దేవూ 2000ల మొదట్లోనే మూతపడింది. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1985లో రోవర్ బాడీలో పాత ఇంజిను పెట్టి ‘స్టాండర్డ్ 2000’ తెచ్చింది. మూడేళ్లకే ఆగింది. ఇప్పుడు వెతికినా కనిపించదు. అయితే స్టాండర్డ్ 2000 దొరికితే లేత్ మీద బతికించవచ్చు. సియెలోను బతికించాలంటే దాని చిప్ బతికున్నవాడెవడో కాపీ ఇవ్వాలి.

ఇక 800 విషయంలో నా తీర్పు. 1986కు ముందు వచ్చిన మొదటి రూపం, ఎస్ఎస్80, తప్పకుండా దాచదగ్గది, దొరకడమే కష్టం. 1986 నుంచి 2000 దాకా వచ్చిన కార్బొరేటర్ బండ్లు నిలుస్తాయి. వాటిలో లేత్‌కు అందనిది దాదాపు ఏమీ లేదు. 12 అంగుళాల టైర్లు దొరుకుతాయా అన్నదే నా బెంగ. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చాక తయారైనవి నిలవాలంటే ఎవరో ఒకరు ఇప్పుడే పూనుకోవాలి. సెన్సర్లు చాలావరకు ఇతర కార్లవి సరిపోతాయి, కంట్రోల్ యూనిట్లు తుక్కు బజార్లో ఇంకా వేలల్లో ఉన్నాయి. పదేళ్లు పోతే ఉండవు. ధర విషయం అడుగుతారేమో, పెట్టుబడిగా చూసేవాళ్లకు నా సలహా భూమి కొనుక్కోమనే.

కొత్త కార్ల మీద నాకు అంత ధైర్యం లేదు. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచి ప్లాంటు నుంచి మొదటి కియా సెల్టోస్ బయటికొచ్చింది. కరువు సీమలో కారు తయారైంది, మన తెలుగు నేల పారిశ్రామిక చరిత్రలో చిన్న విషయం కాదు. ఆ తొలి బండ్లు 2069లో వింటేజ్ కావాలి. అందులో పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు, ఒకదాన్నొకటి గుర్తుపట్టే రహస్య సంకేతాలు, మొబైల్ నెట్‌వర్కుతో మాట్లాడే సిమ్. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్కులు ఆపేస్తే చాలా కార్లలో ఆ సౌకర్యాలు ఒక్కరోజులో మూగబోయాయి. కారు నడిచింది, సగం తెలివి పోయింది. విద్యుత్ కార్ల సంగతి ఇంకా తమాషా. 2001లో బెంగళూరులో వచ్చిన బుల్లి రేవాలో ఉన్నవి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇవాళ్టి లిథియం ప్యాకు, దాని సాఫ్ట్‌వేరు తాళంతో సహా, 2070లో ఎవరు చేసి ఇస్తారు? వాహనాల మెమరీలోని ప్రోగ్రాములను, తయారీ ఆగాక కొంతకాలానికి ఏదైనా ప్రభుత్వ సంస్థ దగ్గర జమచేయాలని ఒక నిబంధన తెస్తే బాగుంటుందని మా వృత్తి సమావేశాల్లో రెండుసార్లు మాట్లాడాను. కంపెనీల వాళ్లు మర్యాదగా తలూపి టీ తాగడానికి వెళ్లారు.

మొదటి 800 బ్యాచ్ బండ్లకు 2033 డిసెంబరు నుంచి యాభై నిండడం మొదలవుతుంది. అప్పుడు వీఏ నంబరుకు 20,000 రూపాయలు కట్టి పదేళ్లకు రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లొచ్చు. ఇంకా ఎనిమిదేళ్లు కూడా లేదు. మన సంఘం సభ్యుల్లో ఎవరింట్లోనైనా, ఏ మామయ్యగారి షెడ్డులోనైనా 1986కు ముందటి డబ్బా ఆకారపు మారుతి ఉంటే, తుక్కువాడికి ఫోన్ చేసేముందు సంఘం ఆఫీసులో ఒక మాట చెప్పండి. ఆర్సీ పుస్తకం, కొన్ననాటి రశీదు, ఓనర్స్ మాన్యువల్ పారేయకండి. నేను వచ్చి ఫొటోలు తీసుకుంటాను, కార్బొరేటర్ జెట్ల మీది నంబర్లు, వైరింగ్ రంగులు, సీటు గుడ్డ నేత కూడా రాసుకుంటాను. బండి అమ్మమని మాత్రం అడగను. ఇంట్లో ఒకదానికే చోటు లేదు.